మే ఎండల్లో కొన్న చలిబట్టలు: అమ్మాబాపులతో యూరప్ వెళ్లొచ్చాక నా సమీక్ష

మే నెల రెండో వారంలో, పగటి వేడి 43 డిగ్రీలు దాటిన ఒక సాయంత్రం, హన్మకొండ చౌరస్తా చుట్టుపక్కల దుకాణాల్లో ఉన్ని స్వెట్టర్ల కోసం తిరిగాను. మన ప్రాంతంలో చలిబట్టలు దీపావళి దాటాక రోడ్డు పక్కన నేపాలీలు డేరాలు వేసినప్పుడు కనిపించి, సంక్రాంతి వెళ్లగానే మాయమవుతాయి. నాలుగు దుకాణాలవాళ్లు నన్ను వింతగా చూసి లేవన్నారు. ఐదో దుకాణంలో మాత్రం యజమాని, అటక మీద మూటగట్టి పెట్టిన పోయిన ఏటి సరుకును గుమాస్తాతో దింపించి విప్పించాడు. కలరా ఉండల వాసన గుప్పుమంది. ఫ్యాను కింద నిలబడి చెమట తుడుచుకుంటూ, మంచుకొండ మీద అమ్మ తొడుక్కోవలసిన స్వెట్టర్ మందాన్ని వేళ్లతో నలిపి చూశాను. ఎండలో నిలబడి చలిని ఊహించడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. మాలాగే వేసవి సెలవుల్లో చలిదేశాలకు బయలుదేరే వరంగల్ కుటుంబాలు ఏటా ఉంటాయి కనుక, మేము కొన్నవీ, కుట్టించుకున్నవీ, ఇంట్లోంచి తీసుకెళ్లినవీ ఎలా పనికొచ్చాయో వివరంగా రాస్తున్నాను.

మేము వెళ్లింది నలుగురం: నేను, మావారు, అమ్మ, బాపు. అమ్మకు 64 ఏళ్లు, ఊహ తెలిసిన తరవాత చీర తప్ప మరో బట్ట కట్టి ఎరుగదు. బాపు సింగరేణిలో బొగ్గుబాయి పని చేసి విరమణ పొందిన మనిషి. మే చివరి వారంలో బయలుదేరి రోమ్, ఫ్లోరెన్స్, స్విట్జర్లాండ్‌లోని ఇంటర్‌లాకెన్, పారిస్ నగరాలను పది రోజుల్లో చూసి వచ్చాము. తిరిగి వచ్చి ఎనిమిది నెలలైంది కాబట్టి, అప్పటి ఉత్సాహం కొంత తగ్గి, ఏ బట్ట నిలిచిందో ఏది నిలవలేదో చెప్పగలిగే స్థితిలో ఉన్నాను.

యాత్రను ఏర్పాటు చేసిన సంస్థవాళ్లు బట్టల జాబితా ఒకటి పంపారు. అందులో నాలుగు జీన్స్, ఆరు టీషర్టులు, రెండు షార్ట్స్, ఒక జాకెట్, ఒక జత షూ అని ఉంది. నేను పైకి చదువుతుంటే అమ్మ మధ్యలో ఆపి, "ఒక్క జాకెటే అంటరేందే బిడ్డా, ఐదు చీరెలకు ఐదు జాకెట్లు కావద్దా?" అని అడిగింది. మన ఇళ్లల్లో జాకెట్ అంటే రవికే కదా, వాళ్లు రాసింది జర్కిన్ గురించి. ఆ ఒక్క మాటతోనే ఆ జాబితా అమ్మలాంటి ప్రయాణికురాలిని మనసులో పెట్టుకుని రాసింది కాదని అర్థమైంది. మన ఊళ్ల నుంచి విదేశాలకు వెళ్తున్నవాళ్లలో పిల్లల దగ్గరికో, పిల్లలతోనో వెళ్లే అరవై దాటిన తల్లిదండ్రులు ఎందరో ఉన్నారు. వాళ్లకు జీన్స్ లెక్క చెప్పి ఊరుకోవడం నాకు బాధ కలిగించింది.

నేను తేల్చుకున్నది ముందే చెబుతాను. కొత్తగా ఎక్కువ డబ్బు పెట్టవలసినవి రెండే: కాళ్లకు వేసుకునే బూట్లు, గాలినీ వాననూ ఆపే పైపొర. మంచుకొండ రోజుకు కావలసిన చలిబట్టలు తప్ప మిగిలినవన్నీ ఇంట్లో బీరువాలోంచే, ఒంటికి ఏళ్ల తరబడి అలవాటైన వాటిలోంచే తీసుకోవాలి. ఏ బట్ట ఎక్కడ బిగుస్తుందో, ఎంతసేపటికి ఆరుతుందో, కూర్చుంటే ఎలా నలుగుతుందో మనకు తెలిసి ఉండటం ప్రయాణంలో చాలా పెద్ద సౌకర్యం. ప్రయాణం కోసమని కొన్న కొత్త బట్టలను మొదటిసారి పరాయి ఊళ్లో తొడుక్కున్న ప్రతిసారీ మాకు ఏదో ఒక ఇబ్బంది ఎదురైంది.

బూట్ల సంగతి బాపుకు వదిలేశాను. "బాయిల దిగేటోనికి బూటే పానం బిడ్డా, అంగి చినిగినా పని నడుస్తది, బూటు కరిస్తే నడ్వది" అని ఆయన చెప్పిన మాట ప్రయాణం పొడవునా నిజమైంది. దుకాణానికి పొద్దున పోవద్దని, సాయంత్రం పోదామని ఆయనే అన్నాడు, ఎందుకంటే రోజంతా తిరిగాక పాదం కొంత ఉబ్బుతుంది, విమానంలో గంటల తరబడి కూర్చున్నప్పుడు ఇంకా ఉబ్బుతుంది, ఆ ఉబ్బిన పాదానికి సరిపోయిన బూటే అసలు కొలత. మందపాటి సాక్సులు వెంట తీసుకెళ్లి వాటితోనే తొడిగి చూశాము. బొటనవేలి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలన్నది ఆయన లెక్క. జత 3800 రూపాయలకు రెండు జతలు తీసుకున్నాము. అప్పుడు ఎక్కువనిపించింది కానీ, పది రోజుల్లో ఆ డబ్బు గురించి ఒక్కసారి కూడా విచారించలేదు.

అమ్మ బూట్ల దగ్గర మాత్రం ఎవరూ ముందుగా చెప్పని చిక్కు ఒకటి వచ్చింది. అమ్మ కాలి రెండో వేలికి మెట్టెలు ఉన్నాయి. జీవితమంతా చెప్పులు వేసుకున్న పాదం కాబట్టి వేళ్లు వెడల్పుగా పరుచుకుని ఉంటాయి, ఆడవాళ్ల బూట్లేమో ముందువైపు సన్నగా వస్తాయి. మొదట కొన్న జత వేసుకుని భద్రకాళి చెరువు కట్ట మీద రెండు రోజులు నడిచేసరికి మెట్టె ఒరుసుకుని పక్కవేలు బొబ్బ కట్టింది. మెట్టెలు తీయమని అడగడానికి నాకు మనసొప్పలేదు, అమ్మ తీసేదీ కాదు. బూట్లు మార్చడానికి వెళ్తే, ముందుభాగం వెడల్పు కావాలంటే మగవాళ్ల బూట్లు చూడమని దుకాణంలో పనిచేసే కుర్రవాడు సలహా ఇచ్చాడు. బూడిదరంగు మగవాళ్ల బూటు అమ్మ పాదానికి కొలిచి చేసినట్టు సరిపోయింది. మెట్టెల మీద పల్చటి మెడికల్ టేపు ఒక చుట్టు చుట్టి, దాని మీద నూలు సాక్సు వేసుకుంటే ఇక ఒరుసుకోలేదు. ఆ బూట్లతో అమ్మ మూడు వారాల పాటు రోజూ ఉదయం కట్ట మీద నడిచింది, చీర కింద బూట్లు చూసి ఎవరేమనుకుంటారోనన్న బిడియం కూడా అక్కడే పోయింది. మెట్టెలు పెట్టుకునే తల్లులు, అత్తమ్మలు ఉన్నవారు ఈ సంగతి తప్పక గుర్తుపెట్టుకోవాలి.

రోమ్ పాత వీధుల్లో నేలంతా నల్లటి చిన్న చిన్న రాతిదిమ్మెలు పరిచి ఉంటుంది. వాటి అంచులు అరిగి, మధ్యమధ్య సందులు పడి, పాదం ఏ అడుగులోనూ సమంగా ఆనదు. వరంగల్ కోటలో పడిపోయిన రాళ్ల మధ్య నడిచినవాళ్లకు అది ఎలా ఉంటుందో సులువుగా తెలుస్తుంది. పల్చటి అడుగున్న చెప్పులతో వచ్చిన మా గుంపులోని ఒకావిడ మధ్యాహ్నానికే మెట్ల మీద కూలబడిపోయింది. మడమ ఎత్తున్న చెప్పులు ఆ సందుల్లో ఇరుక్కుంటాయి. అమ్మ మాత్రం సాయంత్రం దాకా నడిచింది.

ఇక చీర సంగతి. వాటికన్‌లోని సెయింట్ పీటర్స్ బసిలికా అనే పెద్ద చర్చిలోకి భుజాలు, మోకాళ్లు కనిపించే బట్టలతో రానివ్వరు. మండుటెండలో పెద్ద వరుసలో నిలబడి తీరా ద్వారం దాకా వెళ్లాక, చేతులు లేని టీషర్టులతో, పొట్టి నిక్కర్లతో వచ్చిన కొందరిని కాపలావాళ్లు పక్కకు పంపారు, వాళ్లు బయట అమ్మేవాళ్ల దగ్గర పల్చటి గుడ్డలు కొని చుట్టుకుని మళ్లీ వచ్చారు. ఫ్లోరెన్స్ పెద్ద చర్చిలోనూ ఇదే నియమం. సంస్థ ఇచ్చిన జాబితాలోని రెండు షార్ట్స్ మాట ఎంత అనాలోచితమో అక్కడ తెలిసింది. అమ్మ సిద్దిపేట గొల్లభామ చీరలో, కొంగు భుజాల చుట్టూ కప్పుకుని ఏ ఆటంకమూ లేకుండా ముందుకు సాగింది. అయితే గడప దగ్గర ఆగిపోయింది. వంగి బూటు తాళ్లు విప్పబోతుంటే నేను ఆపాను. "చెప్పులిడువకుండ గుడిల అడుగెట్ల వెట్టాలె బిడ్డా?" అని అడిగింది. వాళ్ల ఆచారంలో పాదరక్షలు విప్పనవసరం లేదని, చుట్టూ అందరూ బూట్లతోనే ఉన్నారని చూపించాను. అమ్మ కొంతసేపు ఆలోచించి, గడపను చేత్తో తాకి కళ్లకద్దుకుని లోపలికి నడిచింది.

గొల్లభామ చీరలు రెండు, తేలికపాటి సింథటిక్ చీరలు మూడు అమ్మ తెచ్చుకుంది. గొల్లభామ చీర అంటే తెలియనివారికి చెప్పాలి: నెత్తిన కుండ పెట్టుకున్న పల్లెపడుచు బొమ్మను అంచులోనో కొంగులోనో మగ్గం మీదే నేసే నూలు చీర అది, సిద్దిపేట నేతగాళ్ల ప్రత్యేకత. ఫ్లోరెన్స్‌లో పూటకూళ్ల ఇంటివంటి చిన్న హోటల్ నడిపే ఒక ముసలావిడ, భాష రాకపోయినా, ఆ కొంగు పట్టుకుని ఒక్కొక్క బొమ్మనూ వేలితో లెక్కపెట్టింది. విదేశాల్లో యాత్రికుల్లా కనిపించకూడదని, అక్కడివాళ్లలా తయారవ్వాలని సలహా ఇచ్చేవారు చాలామంది ఉన్నారు. అమ్మ విషయంలో ఆ సలహాను నేను అంగీకరించలేను. ఎక్కడా ఎవరూ నవ్వలేదు, పైగా బస్సులో చోటిచ్చారు, పలకరించారు.

కానీ చీర ప్రయాణంలో పెట్టే కష్టాన్ని దాచిపెట్టను. నూలు చీర పెట్టెలో నలుగుతుంది, గంజీ ఇస్త్రీ లేకపోతే అమ్మకు తృప్తి ఉండదు, పైగా ఆరదు. మన ఇళ్లల్లో దండెం మీద వేస్తే మే నెలలో అరగంటలో ఆరిపోయే చీర, ఇంటర్‌లాకెన్ హోటల్ గదిలో రాత్రంతా వేలాడదీసినా తెల్లవారి అంచు దగ్గర తడిగానే ఉంది. ఆ గదుల్లో ఫ్యాను ఉండదు, డాబా ఉండదు, బయట వాన. ఐదున్నర మీటర్ల తడి నూలును స్నానాల గదిలో నాలుగు మడతలుగా వేశాక గదంతా చెమ్మ వాసన వచ్చింది. రెండో రోజు ఒక ఉపాయం కనిపెట్టాము: పిండిన చీరను హోటల్ పొడి తువ్వాలులో పరిచి, చాపలా చుట్టి, దాని మీద మోకాలితో గట్టిగా ఒత్తితే సగం నీరు తువ్వాలే పీల్చుకుంటుంది. సింథటిక్ చీరలకు ఆ అవసరమే రాలేదు, పడుకునేముందు ఉతికితే పొద్దునకు సిద్ధం. కాబట్టి నూలు చీరలు రెండు, ముఖ్యమైన రోజులకు, మిగిలినవి సింథటిక్ అన్నది సరైన లెక్కే. కదిలే మెట్ల దగ్గర మాత్రం ప్రతిసారీ కుచ్చిళ్లు చేత్తో పైకి పట్టుకోమని గుర్తుచేయవలసి వచ్చింది. అది మరిచిపోకూడదు, ప్రమాదం.

మంచుకొండ రోజు గురించి కొంచెం విస్తరంగా చెప్పాలి, ఎందుకంటే మా కొనుగోళ్లన్నిటికీ అసలు పరీక్ష అదే. మేము ఇంటర్‌లాకెన్ నుంచి వెళ్లిన ఆ మంచుకొండ మీది యుంగ్‌ఫ్రావ్‌యోక్ రైల్వే స్టేషన్ 3454 మీటర్ల ఎత్తులో ఉంది. కొండను తొలిచిన సొరంగంలోంచి అక్కడిదాకా 1912 నుంచీ రైలు నడుస్తోంది. బాపుకు ఆ సొరంగమే అన్నిటికంటే ఎక్కువగా నచ్చింది. ఎత్తుకు వెళ్లే కొద్దీ ప్రతి 1000 మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున చలి పెరుగుతుంది. ఇంటర్‌లాకెన్ దాదాపు 570 మీటర్ల ఎత్తులో ఉంది కనుక, కింద పొద్దున 15 డిగ్రీలు ఉంటే పైన సున్నాకు నాలుగు డిగ్రీలు తక్కువే ఉంటుందని లెక్క వేసుకోవచ్చు. మేము వెళ్లిన రోజున సరిగ్గా అంతే ఉంది, దానికి గాలి తోడైంది.

చలి ఆపేది బట్ట మందం కాదు, బట్టల మధ్య కదలకుండా నిలిచిన గాలి. ఒకే మందపాటి స్వెట్టర్ కన్నా మూడు పల్చటి పొరలు మేలని అందరూ చెప్పేది ఇందుకే. ఒంటికి అంటుకునే థర్మల్ అనే పల్చటి లోపలి బట్ట, దాని మీద ఉన్ని, అన్నిటికీ పైన గాలి చొరని జర్కిన్. ఒంటికి తగిలే పొర నూలుది కాకూడదని కూడా నేర్చుకున్నాము. నూలు చెమటను పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడి చలిగాలికి ఒంటిలోని వేడిని లాగేస్తుంది. మన ఎండలకు దేవుడిచ్చిన వరంలాంటి నూలుకు మంచులో ఉన్న లోపం ఇదొక్కటే. ఉన్ని మాత్రం తన బరువులో మూడోవంతు దాకా చెమ్మను పీల్చుకున్నా ఒంటికి తడి తగలనివ్వదు.

అమ్మను చీరతో పైకి తీసుకెళ్లడం నాకు భయమనిపించి, సల్వార్ కమీజ్ కుట్టిస్తానన్నాను. "ఈ వయసుల నాకు గా పంజాబీ డ్రెస్సులెందుకే, నలుగురు నవ్వరా?" అని వారం రోజులు ఒప్పుకోలేదు. చివరికి మా వీధి దర్జీ పరిష్కారం చూపించాడు. కమీజ్‌ను మోకాళ్ల కిందికి, పిక్కల దాకా వచ్చేలా, లోపల స్వెట్టర్ పట్టేంత వదులుగా కుట్టి, దుపట్టాను కొంగులా ఎడమ భుజం మీద మడతలు పెట్టి పిన్నీసుతో నిలిపేలా పొడవు ఎక్కువ ఉంచాడు. అద్దంలో చూసుకున్నాక అమ్మ ఇంకేమీ అనలేదు. కుట్టుకూలి 450 రూపాయలు. ఈ ప్రయాణంలో నేను అత్యంత కృతజ్ఞతతో చెల్లించిన డబ్బు అదే.

థర్మల్స్ జత 950 రూపాయల చొప్పున తీసుకున్నాము. బయలుదేరే ముందు ఒక రాత్రి గదిలో ఏసీని 18 డిగ్రీలకు పెట్టి, అందరం అన్ని పొరలూ తొడుక్కుని అరగంట కూర్చున్నాము. అది ఎంత మంచి పని అయిందో చెప్పలేను. బాపు థర్మల్ ప్యాంటు నడుం పట్టీ కోసుకుపోతోందని, అమ్మ థర్మల్ చేతులు రవిక కుట్టు దగ్గర ముడత పడుతున్నాయని అప్పుడే బయటపడింది, మర్నాడే మార్చుకున్నాము. పైన మంచులో ఒక్కరికీ వణుకు పుట్టలేదు. అటక మీంచి దింపిన ఆ 600 రూపాయల స్వెట్టర్ అమ్మ ఒంటిని చక్కగా కాపాడింది. బాపు కోసం అదే దుకాణంలో 150 రూపాయలకు కొన్న మంకీ క్యాప్ అయితే అన్నిటికన్నా గొప్ప కొనుగోలు: చెవులు, మెడ, గడ్డం మూడూ ఒకేసారి కప్పింది. నేను ముచ్చటపడి కొన్న అల్లికల టోపీ గాలికి రెండుసార్లు ఎగిరింది. బాపుకు శుక్లాల ఆపరేషన్ అయింది కాబట్టి నల్లకళ్లద్దాలు కూడా తెచ్చాము. మంచు మీద ఎండ ఎగిసి కళ్లలో పడే తీవ్రత తెలిశాక, అవి అందరికీ అవసరమేనని అర్థమైంది.

బూట్లలో ఒక లోపం కూడా అక్కడే బయటపడింది. రాళ్ల మీద అంత బాగా పట్టిన అడుగు, మంచుగడ్డను తొలిచి చేసిన మంచుమహల్ నేల మీద జారింది. నేలే మంచుగడ్డ, గోడలూ మంచుగడ్డే. అమ్మ ఒక చేత్తో పక్కనున్న కమ్మీని, మరో చేత్తో నా చేతిని పట్టుకుని నడిచింది. మంచు మీద ఎక్కువసేపు నడిచే ఉద్దేశం ఉన్నవారికి అడుగున లోతైన గాడులున్న బూట్లు కావాలి.

ఇప్పుడు నాకు నిజంగా కోపం తెప్పించిన వస్తువు. వాన జర్కిన్లు రెండు ఒక దుకాణంలో ఒక్కొక్కటి 1600 రూపాయలకు కొన్నాను. దుకాణంవాడు గ్లాసుడు నీళ్లు పోసి, నీళ్లు ముత్యాల్లా జారిపోవడం చూపించి, చుక్క కూడా లోపలికి పోదని హామీ ఇచ్చాడు. పారిస్‌లో సీన్ నది పడవలో పైఅంతస్తున కూర్చున్నప్పుడు పట్టిన వాన గంటసేపు వదలలేదు. ఇరవై నిమిషాలకే నా భుజాల మీద చల్లగా తగిలింది, దిగేసరికి లోపలి చొక్కా తడిసి ముద్దయింది. గదికి వెళ్లి తిప్పి చూస్తే కారణం తెలిసింది. బట్ట మీద నీటిని జార్చే పూత ఉంది కానీ, భుజాల దగ్గర కుట్ల మీద పట్టీ లేదు, సూది వేసిన ప్రతి రంధ్రంలోంచీ నీరు దిగింది. వాన బట్ట కొనేటప్పుడు లోపలివైపు తిప్పి, కుట్ల పొడవునా అతికించిన పట్టీ ఉందో లేదో చూడాలి. చీటీ మీద 5000 మిల్లీమీటర్లు, 10000 మిల్లీమీటర్లు అని అంకె ఉంటుంది, అది ఆ బట్ట ఎంత ఎత్తు నీటి ఒత్తిడిని కారకుండా ఆపుతుందో చెప్పే కొలత. ఏ అంకే లేకుండా, నీటిని తట్టుకుంటుందని మాత్రమే రాసి ఉంటే అది తుంపరకు సరిపోతుంది, వానకు కాదు. ఈ మాట నాకు ఎవరైనా ముందే చెప్పి ఉంటే బాగుండేది. తిరిగివచ్చాక దుకాణానికి వెళ్లి అడిగితే, వాడిన సరుకు వాపసు తీసుకునేది లేదన్నారు. కుట్లు కారతాయని అమ్మేటప్పుడే తెలిసి ఉండాలి కదా అన్న నా ప్రశ్నకు సమాధానం రాలేదు.

అదే వానలో మావారి జీన్స్ తడిసి బరువెక్కి, రెండు రాత్రులైనా నడుం దగ్గర ఆరలేదు. బాపు మాత్రం ఇంట్లో వేసుకునే టెరికాటన్ చొక్కాలు, ప్యాంట్లతోనే వచ్చాడు. రాత్రి ఉతికి కుర్చీకి వేసి, పొద్దున ఇస్త్రీ లేకుండా తొడుక్కుని అందరికన్నా ముందు తయారయ్యేవాడు. తన లుంగీ ఒకటి ఆయన పట్టుబట్టి పెట్టించాడు. అది విమానంలో దుప్పటి అయింది, హోటల్లో తువ్వాలు అయింది. పదవీ విరమణ రోజున కప్పిన శాలువాను కూడా తెచ్చుకున్నాడు. మన ఇళ్లల్లో సన్మానాల శాలువాలు బీరువా అడుగున ఊరికే పడి ఉంటాయి, విమానంలోని చలికి, రైలు కిటికీ దగ్గరి గాలికి అంతకంటే తేలికైన వస్తువు ఇంకొకటి దొరకదు.

దర్జీ చేసిన మరో పని గురించి చెప్పాలి. అమ్మ లంగాలు రెండింటికి లోపలివైపు జిప్పు జేబులు కుట్టించాను. పాస్‌పోర్టు పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు, వెడల్పు తొమ్మిదికి కొంచెం తక్కువ, కాబట్టి కాలం చెల్లిన పాత పాస్‌పోర్టును దర్జీకి కొలతకు ఇచ్చాను. అమ్మకు ఎలాగూ డబ్బులు బొడ్లో దోపుకునే అలవాటు ఉంది కనుక, రద్దీ వీధుల్లో జేబుదొంగల భయం లేకుండా తిరిగింది. దీనిలోని ఇబ్బంది ఏమిటంటే, హోటల్ దగ్గర పాస్‌పోర్టు అడిగిన ప్రతిసారీ అమ్మ స్నానాల గదికి వెళ్లి తీసుకురావాలి. మొదటి జేబుకు వేసిన ఇనుప జిప్పు విమానాశ్రయ తనిఖీలో కూత పెట్టింది, చీర పిన్నీసులు కూడా దానికి తోడై, అమ్మను పక్కకు పిలిచి తడిమి చూశారు. ప్లాస్టిక్ జిప్పు వేయించుకోండి, పిన్నీసులు తనిఖీ దాటాక పెట్టుకోండి. ఆ తనిఖీలో అమ్మ ముఖం చిన్నబోవడం చూశాక, వచ్చేటప్పుడు ఇనుప జిప్పు లేని రెండో లంగానే కట్టించాను.

చీర రోమ్‌లో సరిపోయింది కదా అని అన్నిచోట్లా సరిపోతుందనుకోవద్దు. అబుదాబిలోని షేక్ జాయెద్ మసీదులో ఆడవాళ్లు తల కప్పుకోవాలి, చేతులు మణికట్టు దాకా, కాళ్లు చీలమండల దాకా కప్పే వదులు బట్టలు ఉండాలి. కురచ చేతుల రవికతో కుదరదు. బ్యాంకాక్ రాజప్రాసాదంలో నిక్కర్లు, చేతులు లేని చొక్కాలు నిషిద్ధం. బార్బడోస్, జమైకా లాంటి కరీబియన్ దేశాల్లో సైనికుల బట్టల రంగుల అచ్చు ఉన్న దుస్తులు మామూలు మనుషులు వేసుకోవడమే చట్టరీత్యా నేరం. క్రికెట్ చూడటానికి అటువైపు వెళ్లేవాళ్లు పిల్లల టీషర్టులు కూడా ఒకసారి చూసుకోవాలి.

పెట్టెల బరువు గురించి మేము ముందే జాగ్రత్తపడ్డాము. చేతిసంచికి మా విమానంలో 7 కిలోల హద్దు ఉంది. బూట్లు, జర్కిన్లు, స్వెట్టర్లు అన్నీ ఒంటిమీదో చేతిమీదో వేసుకుంటే పెట్టె తేలికవుతుంది. హన్మకొండ నుంచి శంషాబాద్ దాకా కారులో, ఆ ఎండలో, నలుగురం బూట్లతో, ఒళ్లో ఉన్ని బట్టల మూటలతో కూర్చున్నాము. దారిలో జనగామ దగ్గర చాయ్ తాగడానికి దిగినప్పుడు హోటల్ అతను బాపు చేతిలోని మంకీ క్యాప్ చూసి ఎక్కడికి పోతున్నారని అడిగాడు.

ఎనిమిది నెలల తరవాత వాటి స్థితి ఇది. అమ్మ బూట్ల అడుగు ఒక పక్క కొద్దిగా అరిగింది, కుట్లు చెక్కుచెదరలేదు, ఇప్పటికీ రోజూ కట్ట మీదికి వాటితోనే వెళ్తోంది. థర్మల్స్ ఐదారు ఉతుకులకు మోకాళ్ల దగ్గర వదులయ్యాయి, అయినా ఈ డిసెంబరు చలిలో అమ్మాబాపులు తెల్లవారుజామున అవే తొడుక్కున్నారు. స్వెట్టర్‌ను నేను ఎండలో ఆరబెట్టి తప్పు చేశాను, కొంచెం కురచయింది. వాన జర్కిన్లలో ఒకదానికి దర్జీ దగ్గర కుట్ల మీద రబ్బరు పట్టీ వేయించి చూశాను, పోయిన ఆగస్టు వానకు మళ్లీ కారింది, దాన్ని ఇప్పుడు బండి సీటు మీద కప్పుతున్నాము. సల్వార్ కమీజ్ అమ్మ మళ్లీ తొడుక్కోలేదు, కానీ ఎవరికీ ఇవ్వనివ్వలేదు. ఉతికి, మడత పెట్టి, గొల్లభామ చీరల పక్కనే బీరువాలో పెట్టుకుంది.